విధి అనే మాటకు రెండర్థాలు: హోమర్, వర్జిల్, పల్నాటి వీరులు

పల్నాటి వీరచరిత్ర పాఠం జరుగుతున్న రోజుల్లో, కామాఠీపురా నుంచి మన పీఠానికి వచ్చి చదువుకునే ఒక విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగింది. "బాలచంద్రుడు యుద్ధంలో చనిపోవాలని ముందే రాసిపెట్టి ఉంటే, ఇక అతను చేసిన గొప్ప పని ఏముంది సార్?" అని. తరగతిలో కొందరు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "మా తాత కూడా అన్నిటికీ 'రాసిపెట్టినట్టు అయితది బిడ్డా' అంటాడు. కానీ పొద్దున ఐదింటికే లేచి పనికి పోతాడు. రాసిపెట్టినట్టే అయ్యేదుంటే పనికి పోవుడెందుకు?" అని కూడా అన్నది.

ఇది చిన్న ప్రశ్న కాదు. గ్రీకు ఇలియడ్ మీద, రోమన్ ఎనీడ్ మీద పండితులు శతాబ్దాలుగా చేస్తున్న చర్చంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నదే. ఆనాడు గంట మోగడంతో సమాధానం సగంలో ఆగిపోయింది. ఈ వ్యాసం ఆ సమాధానాన్ని పూర్తిచేసే ప్రయత్నం. తెలుగుదేశానికి దూరంగా పుట్టి పెరిగిన విద్యార్థులకు ఈ ప్రశ్న మరో విధంగా కూడా వర్తిస్తుంది. ఆ సంగతి చివర చెబుతాను.

మాటల సాక్ష్యం

భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి మాటలతోనే మొదలుపెడతాను. ఒక జాతి విధిని గురించి ఏమనుకున్నదో తెలియాలంటే, ముందు దానికి ఏ పేరు పెట్టుకున్నదో చూడాలి.

గ్రీకులో విధికి ప్రధానమైన పేరు 'మొయిరా'. వాటా, భాగం అని ఆ మాటకు మొదటి అర్థం. విందులో మాంసం పంచినా, యుద్ధంలో దోచిన సొమ్ము పంచినా ఒక్కొక్కరికి దక్కేది మొయిరాయే. అదే తీరుగా ప్రతి మనిషికీ జీవితంలో ఒక వాటా ఉంటుంది, దానికో గట్టు ఉంటుంది, ఆ గట్టు పేరు మరణం. లాటిన్‌లో విధికి 'ఫాతుమ్' అని పేరు. మాట్లాడు అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట అది. కాబట్టి ఫాతుమ్ అంటే పలకబడినది, దేవుడి నోట వెలువడినది. గ్రీకువాడికి విధి పంపకం, రోమన్‌కు విధి వాక్కు.

మరి తెలుగువాడికి? మనకు విధి లిపి. నుదుటి రాత, తలరాత, రాసిపెట్టి ఉండడం అనే మాటలన్నీ అదే చెబుతాయి. అయితే గ్రీకువాడి వాటా భావన కూడా మన భాషలో లేకపోలేదు. 'పాలు' అంటే భాగం. "ఈ కష్టం నా పాలబడింది", "వాడు విధిపాలయ్యాడు", "నా పాలిటి దేవుడు" అంటున్నప్పుడు మనం మొయిరా అనే మాటనే తెలుగులో పలుకుతున్నాం. 'దాయాది' అనే సంస్కృత పదానికి కూడా వాటా పుచ్చుకునేవాడనే అర్థం. దాయాదుల మధ్య భూమి పంపకం తేలనప్పుడు, ఎవరి పాలికి ఏ చావు వస్తుందో తేల్చేది యుద్ధం. పల్నాటి కథ సారాంశం ఇదే.

ఇక 'విధి' అనే మాట చూడండి. ఏర్పాటు చేయు, నియమించు అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. "విధి వక్రించింది" అన్నప్పుడు మన చేతిలో లేనిదని అర్థం. "విధులకు హాజరయ్యాడు" అన్నప్పుడు మనం చేయవలసినదని అర్థం. ఒకే మాట, రెండు విరుద్ధమైన అర్థాలు. 'కర్మ' కూడా ఇంతే. "నా కర్మ" అంటే తప్పనిది, "కర్మ చేయాలి" అంటే చేయవలసింది. కామాఠీ అనే మాటను పని అనే అర్థమున్న 'కామ్'తో కలిపి చెబుతారు. ఆ కామ్ ప్రాకృతం మీదుగా వచ్చిన కర్మ శబ్దమే. అంటే కామాఠీపురా అనే పేరులోనే మన విద్యార్థిని ప్రశ్న దాగి ఉంది. తప్పనిదాన్నీ చేయవలసినదాన్నీ ఒకే మాటతో చెప్పుకున్న జాతి మనది. దాన్ని మాటల పేదరికం అనుకోనక్కరలేదు. మూడు వీరగాథలను పక్కపక్కన పెట్టి చదివితే, ఈ రెండర్థాలూ ఎందుకు కలిసి ఉన్నాయో తెలుస్తుంది.

ఇలియడ్: వాటా తెలిసినవాడి వీరత్వం

క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్ది ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఇలియడ్‌లో 24 సర్గలు, పదిహేనువేలకు పైగా పంక్తులు ఉన్నాయి. పదేళ్ల ట్రాయ్ యుద్ధంలో కొద్ది వారాల కథ మాత్రమే ఇందులో ఉంది. ముగింపు వినేవారందరికీ ముందే తెలుసు. ట్రాయ్ నగరం కూలుతుంది, అకిలీస్ చస్తాడు. ఆ రెండూ కావ్యం లోపల జరగవు, కానీ వాటి నీడ పడని సర్గ ఒక్కటీ లేదు.

తొమ్మిదో సర్గలో అకిలీస్ తన ముందు రెండు దారులున్నాయని తల్లి చెప్పినట్టు చెబుతాడు. ఇక్కడే ఉండి పోరాడితే ఇల్లు చేరడు, కీర్తి మాత్రం చెడదు. ఇంటికి పోతే కీర్తి ఉండదు, దీర్ఘాయువు ఉంటుంది. అంటే విధి ఇక్కడ కూడలి లాంటిది. ఏ దారి ఎక్కడికి పోతుందన్నది నిర్ణయమైపోయింది, ఏ దారిన నడవాలన్నది కాలేదు. స్నేహితుడు పెట్రోక్లస్ చనిపోయిన తరువాత, హెక్టర్‌ను చంపితే ఆ వెంటనే నీ చావు అని తల్లి మళ్లీ హెచ్చరిస్తుంది. అకిలీస్ తెలిసే ఆ దారిలో అడుగుపెడతాడు.

ఇక్కడ 'కీర్తి' అని మనం అనువదించే గ్రీకు పదం 'క్లియోస్'. ఇది సంస్కృతంలోని 'శ్రవస్' శబ్దానికి తోబుట్టువు. రెండింటికీ వినబడేది అని అర్థం. క్షయంలేని కీర్తి అనే పదబంధం హోమర్‌లోనూ ఋగ్వేదంలోనూ ఒకే పోలికతో ఉన్నదని అడాల్బర్ట్ కూన్ 1853లోనే గుర్తించాడు. వీరుడి కీర్తి నలుగురు వింటున్నంత కాలమే ఉంటుందని గ్రీకులు ఆ మాటలోనే చెప్పుకున్నారు. ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

ఆరో సర్గలో హెక్టర్ తన భార్య ఆండ్రొమకితో మాట్లాడే ఘట్టం ఉంది. ఆమె తండ్రినీ ఏడుగురు అన్నదమ్ములనూ అకిలీస్ చంపాడు. నాకు తండ్రివీ తల్లివీ అన్నవూ నీవే, కోట దాటి పోవద్దని ఆమె వేడుకుంటుంది. హెక్టర్ తన గెలుపు మీద నమ్మకంతో జవాబు చెప్పడు. ట్రాయ్ కూలుతుందని నాకు తెలుసు అంటాడు. అయినా వెనకడుగు వేస్తే ఊళ్లోని ఆడా మగా ముఖం చూడలేనంటాడు. ఈ సిగ్గుకు గ్రీకులో 'ఐదోస్' అని పేరు. పరువు, మర్యాద, మొగమాటం కలిసిన భావం అది. పుట్టినవాడెవడూ మొయిరాను తప్పించుకోలేడని కూడా ఆ నోటితోనే అంటాడు. విధి మాట ఇక్కడ సాకుగా రాలేదు, భార్యకు ధైర్యం చెప్పడానికి వచ్చింది.

జ్యూస్ కుమారుడైన సర్పెడాన్ పన్నెండో సర్గలో ఈ భావాన్నే మరింత వివరంగా చెబుతాడు. మన ఊళ్లో మనకు ముందు పీట, మంచి మాంసం, నిండు పాత్ర, సారవంతమైన భూమి ఎందుకిచ్చారు? కాబట్టి ముందు వరసలో నిలబడాలి. చావే లేకపోతే నేనూ పోరాడను, నిన్నూ పోరాడమనను. చావు ఎటూ తప్పదు కాబట్టే పోదాం పద అంటాడు. నాలుగు సర్గల తరువాత అతడు చనిపోబోతున్నప్పుడు జ్యూస్‌కే అతణ్ణి తప్పించాలనిపిస్తుంది. నీవలా చేస్తే ప్రతి దేవుడూ తన కొడుకును తప్పించుకుంటాడని హీరా మందలిస్తుంది. దేవతల రాజు నెత్తుటి వాన కురిపించి ఊరుకుంటాడు. తన కొడుకు వాటాను తండ్రి కూడా పెంచలేడు.

అయితే హోమర్ సంప్రదాయం కీర్తిని గుడ్డిగా మోయలేదు. ఒడిస్సీ పదకొండో సర్గలో పరలోకంలో కనిపించిన అకిలీస్, చచ్చినవారికి రాజుగా ఉండడం కంటే భూమి కూడా లేని పేదవాడి దగ్గర కూలివాడిగా బతకడం మేలంటాడు. కూలిపనికి వలస వచ్చినవారి పేరుతో వెలసిన పేటలో పుట్టిన విద్యార్థులు ఈ ఘట్టాన్ని తప్పక చదవాలి. మహావీరుడు తన కీర్తికి ఎదురుగా తూకం వేసి చూసుకున్న బతుకు కూలివాడి బతుకే.

పల్నాడు: కారెంపూడి పొలంలో

ఇప్పుడు మన కథకు వద్దాం. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివర జరిగింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి తమ్ముడు మలిదేవరాజు. అటు మంత్రిణి నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని పందెం. మలిదేవుని పక్షం ఓడి అడవుల పాలయింది. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు. చివరకు నాగులేటి ఒడ్డున కారెంపూడి దగ్గర యుద్ధం జరిగింది.

శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. అంతకన్నా ముఖ్యం, ఈ కథను నేటికీ పల్నాట పాడుకుంటున్నారు. పాడేవారు వీరవిద్యావంతులనే మాల గాయకులు. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని ఆధారం చేసుకుని అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లానువాదంతో గ్రంథం వెలువరించాడు. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో వీరుల ఉత్సవం జరుగుతుంది. ఈ కథ గుంటూరు సీమ వారిదే, తెలంగాణ నుంచి వలస వచ్చిన మాకేమిటి సంబంధం అనుకోవద్దు. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడుతున్న దృశ్యాన్ని క్రీడాభిరామం వర్ణించింది. అంటే ఈ కథ ఆనాడే కృష్ణ దాటి ఓరుగల్లు చేరింది.

బాలచంద్రుడు బ్రహ్మనాయుడి కొడుకు. యుద్ధం సిద్ధమవుతున్నా అతనికి ఆ సంగతి పట్టలేదు. తోటివారితో బొంగరాలాడుతుంటాడు. ఆ బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. నీవాళ్లు పోరుకు పోతే నీ ప్రతాపమంతా ఈ ఆటలోనా అని ఆమె దెప్పుతుంది. కథ అక్కడ మలుపు తిరుగుతుంది. హెక్టర్ ఊహించుకుని భయపడిన ఊరివారి మాట బాలచంద్రుడికి నిజంగానే చెవిన పడింది. గ్రీకుల ఐదోస్ మన కథలో వీధిలో నిలబడి మాట్లాడింది.

తల్లి ఐతమ్మ వద్దంటుంది. భార్య మాంచాలను ఒప్పించి ఆపాలని చూస్తుంది. మాంచాల కథ మీకు తెలుసు. పెళ్లయినా భర్తతో కాపురం ఎరగని పడుచు ఆమె. ఇన్నాళ్లకు భర్త ఇంటికి వచ్చింది సెలవు తీసుకోవడానికి. ఆమె అతణ్ణి ఆపదు, కత్తినిచ్చి పంపుతుంది. ఆండ్రొమకి ఆపబోయింది, మాంచాల పంపించింది. ఇందులో ఎవరు గొప్ప అని తూకం వేయడం మన పని కాదు. ఇద్దరూ భర్త తిరిగిరాడని తెలిసినవాళ్లే. తెలిసి ఆపబోవడం ఎంత ప్రేమో, తెలిసి పంపడం అంత ప్రేమే అని కథకుల ఉద్దేశం. అయితే మాంచాల త్యాగాన్ని పొగడుతూ, ఆమె పాలికి వచ్చిన వాటా ఎంత చిన్నదో మరచిపోకూడదు. ఆ లెక్క వీరగాథలు వేయవు, మనం వేయాలి.

బాలచంద్రుడి స్నేహితుడు అనపోతు బ్రాహ్మణుడు. అతణ్ణి చావు నుంచి తప్పించాలని బాలచంద్రుడు నెపం పెట్టి దారిలోంచి వెనక్కి పంపుతాడు. మోసం తెలిసిన అనపోతు ప్రాణం తీసుకుంటాడు. ఇలియడ్‌లో స్నేహితుడి చావు వీరుణ్ణి యుద్ధానికి తెస్తుంది. ఇక్కడ స్నేహితుణ్ణి యుద్ధం నుంచి తప్పించబోతే అదే అతనికి చావు తెస్తుంది. ఒకరి వాటాను ఇంకొకరు తగ్గించలేరని జ్యూస్‌కు తెలిసిన పాఠమే బాలచంద్రుడికీ తెలియవచ్చింది. చివరకు పేగులు బయటపడినా పోరాడి అతడు నేలకొరిగాడని కథ చెబుతుంది. గెలిచినవాడు లేడు. బ్రహ్మనాయుడు నలగాముణ్ణే గద్దెమీద ఉంచి గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడు.

కర్తవ్యం పరువుతో ముడిపడి ఉన్న మరో తెలుగు కథ ఖడ్గతిక్కనది. కాటమరాజుతో పుల్లరి విషయమై, అంటే పశువులు మేసిన గడ్డికి ఇవ్వవలసిన పన్ను విషయమై జరిగిన యుద్ధంలో వెనుదిరిగి ఇల్లు చేరినవాడు అతడు. భార్య అతనికి ఆడవారికి పెట్టినట్టు మంచం చాటున స్నానానికి నీళ్లు పెట్టింది, పక్కన పసుపు ముద్ద ఉంచింది. తల్లి అన్నంలోకి విరిగిన పాలు పోసింది. తెలుగులో పాలూ విరుగుతాయి, సైన్యమూ విరుగుతుంది. ఆ ఒక్క క్రియతో తల్లి చెప్పవలసిందంతా చెప్పింది. అతడు తిరిగి వెళ్లి పోరాడి చనిపోయాడు. ఈ కథలో విధి అన్న మాట ఎక్కడా అవసరపడలేదు. ఇంటివారి చూపే అతనికి విధి అయింది.

పల్నాటి కథకు గ్రీకు కథలో లేని ఒక గుణం కూడా ఉంది. సర్పెడాన్ చెప్పిన కర్తవ్యం పెద్దపీట దక్కినవారిది. బ్రహ్మనాయుడి చాపకూడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. అతడు మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడు. వీరుడయ్యే హక్కు, అంటే చేయవలసినది అనే అర్థంలో విధి, పుట్టుకతో వచ్చే వాటా కాదని ఈ కథ చెప్పింది. ఆ కన్నమదాసు కులంవారే ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా ఈ కథ పాడుతూ నిలబెట్టారు. వినబడేదే కీర్తి అన్న గ్రీకు మాటకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఎనీడ్: వలసవాడి విధి

వర్జిల్ (క్రీ.పూ. 70–19) ఎనీడ్‌ను పన్నెండు సర్గల్లో రాసి, తుది మెరుగులు దిద్దకముందే మరణించాడు. ఆగస్టస్ చక్రవర్తి ఆజ్ఞతో అది ప్రచురితమైంది. కథానాయకుడు ఈనియాస్ ట్రాయ్ వాడు, అంటే హోమర్ కథలో ఓడిన పక్షం వాడు. నగరం తగలబడుతుంటే ముసలి తండ్రిని భుజాల మీద ఎత్తుకుని, కొడుకు చేయి పట్టుకుని, ఇలవేల్పులతో బయటపడతాడు. వెనక నడిచిన భార్య చీకట్లో తప్పిపోతుంది. కొత్త నేల మీద కొత్త నగరానికి పునాది వేయాలని దైవవాక్కు. అతనిది వలస ప్రయాణం.

అకిలీస్‌కు రెండు దారులున్నాయి, ఈనియాస్‌కు ఒక్కటే. కార్తేజ్ రాణి డైడో ప్రేమలో అతడు ఆగిపోయినప్పుడు దేవదూత వచ్చి కొడుకు భవిష్యత్తును గుర్తుచేస్తాడు. ఇటలీకి నేను నా ఇష్టంతో పోవడం లేదని డైడోకు చెప్పి వెళతాడు. ఆమె ప్రాణం తీసుకుంటుంది. తరువాత పాతాళంలో కనిపిస్తే అతడు కన్నీళ్లతో పలకరిస్తాడు, ఆమె ఒక్కమాటైనా ఆడక తొలగిపోతుంది. ఈనియాస్‌కు వర్జిల్ ఇచ్చిన విశేషణం 'పియుస్'. తల్లిదండ్రులకూ దైవానికీ జాతికీ బద్ధుడైనవాడని దాని అర్థం. రోమన్ల దృష్టిలో వీరత్వమంటే ఈ బద్ధతే. దానికి ఎవరెవరు మూల్యం చెల్లించారో వర్జిల్ దాచలేదు. లొంగిపోయి ప్రాణభిక్ష అడుగుతున్న టర్నస్‌ను, చనిపోయిన మిత్రుడి నడికట్టు అతని ఒంటి మీద కనబడగానే, ఈనియాస్ కోపంతో చంపడంతో కావ్యం ముగుస్తుంది. కర్తవ్యనిష్ఠుడు చివరి క్షణంలో అకిలీస్ అయ్యాడు.

పదో సర్గలో జూపిటర్ చెప్పిన మాట మన విద్యార్థిని ప్రశ్నకు నేరుగా సమాధానం. ప్రతివాడి రోజూ నిర్ణయమై ఉంది, బతుకు కొద్దికాలమే, దాన్ని మళ్లీ తేలేము. చేసిన పనులతో పేరును పొడిగించడమే వీరుడి పని అంటాడాయన. ఇందులో 'వీరుడి పని' అని నేను అన్నదానికి లాటిన్ మాట 'విర్‌తూస్'. అది పురుషుడనే అర్థమున్న 'విర్' నుంచి పుట్టింది. ఆ విర్, మన 'వీరుడు' ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందిన మాటలు.

అంటే మూడు కథలూ ఒకే సమాధానం చెబుతున్నాయి. విధి నిర్ణయించేది ముగింపును. ఆ ముగింపు దగ్గరికి ఎట్లా నడవాలన్నది మనిషికి మిగిలిన భాగం. హెక్టర్ చావకుండా ఉండలేడు, కానీ సిగ్గుపడేలా చావకుండా ఉండగలడు. ఫలితం ముందే తెలిసినప్పుడు మిగిలేది పని ఒక్కటే. తాతగారు రాసిపెట్టినట్టు అవుతుందంటూనే ఐదింటికి లేవడంలో వైరుధ్యం లేదు.

జూనో షరతు

ఇంతటితో వ్యాసం ముగించవచ్చు. కానీ ఎనీడ్ పన్నెండో సర్గలో ఒక ఘట్టం ఉంది. ముంబైలో తెలుగు చదివే విద్యార్థి దాన్ని దాటి పోకూడదు. కావ్యమంతా ట్రాయ్ వారిని వేధించిన జూనో చివరకు ఓటమి ఒప్పుకుని జూపిటర్‌ను ఒక వరం అడుగుతుంది. వాళ్లు ఇటలీలో స్థిరపడనీ, కానీ లాటిన్లు తమ పేరు మార్చుకోకూడదు, తమ భాష మార్చుకోకూడదు, తమ దుస్తులు మార్చుకోకూడదు. ట్రాయ్ కూలింది, దాని పేరు కూడా కూలనీ అంటుంది. జూపిటర్ నవ్వి సరేనంటాడు. వలస వచ్చినవారు స్థానికుల్లో కలిసిపోతారు, అందరి భాషా ఒక్కటే అవుతుంది, అది లాటిన్ అవుతుంది.

గమనించవలసింది ఏమిటంటే, ఈ ఒప్పందం జరిగినప్పుడు ఈనియాస్ అక్కడ లేడు. భుజాన మోసుకొచ్చిన తండ్రి భాష తన మనుమలకు ఉండదన్న సంగతి అతనికి కావ్యంలో ఎవ్వరూ చెప్పరు.

ఇప్పుడు మనం నిలబడిన నేల సంగతి. ఫోరస్ రోడ్డుకు ఆ పేరు పోర్చుగీసు 'ఫోరో' నుంచి వచ్చింది. భూమికి చెల్లించే స్వల్పమైన శిస్తు దాని అర్థం. సముద్రపు పోటు రాకుండా కట్టలు వేసి తేల్చిన ఉప్పు నేలలను అట్లా శిస్తుకు ఇచ్చేవారు. ఆ ఫోరస్ భూముల హక్కులు తేల్చడానికి 1851లో చట్టం కూడా చేశారు. 18వ శతాబ్ది చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు పల్లెలను విడిచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఈ నేలకు ఆనుకుని స్థిరపడితే అది కామాఠీపురా అయింది. ఈ నగరపు రోడ్లు, కట్టడాలు ఎత్తడంలో వారి చెమట ఉంది. జోతీరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి ఈ నగరంలో అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. బయటివారు ఈ పేటను వేరే కారణానికి గుర్తుపెట్టుకున్నారు. పేరు మాత్రం పనివారిదే.

నగరంలో కలిసిపోయిన మాటలకు ఈ వీధులే పాఠ్యపుస్తకం. నాటకశాలల వల్ల వచ్చిన 'ప్లే హౌస్' అనే ఇంగ్లీషు పేరు జనం నోట 'పీలా హౌస్' అయింది. ఫాక్‌లండ్ రోడ్డు పేరు మారి తమాషా కవి పట్ఠే బాపూరావు మార్గ్ అయింది. ఒక జానపద కవి పేరును మరాఠీ సమాజం తన వీధికి పెట్టుకుని నిలబెట్టుకుంది. దాన్ని చూసి మనం నేర్చుకోవాలి.

నా చిన్నతనంలో ఫోరస్ రోడ్డు పక్క గల్లీలోని చాల్‌లో మా బంధువుల ఇల్లుండేది. రాత్రిపూట వరండాలో ఒక ముసలి మేస్త్రీ కథలు చెప్పేవాడు. ఆయన తెలుగులో సగం మాటలు మరాఠీవి, హిందీవి. కథలోని వీరుడు 'ఖోలీ' తలుపు తీసుకుని యుద్ధానికి పోయేవాడు. అప్పుడు నవ్వుకున్నాను. తరువాత మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ గ్రంథాలు చదివినప్పుడు నా పొరపాటు తెలిసింది. పారీ 1933–35 మధ్య యుగోస్లావియాలో గాయకుల పాటలు రికార్డు చేశాడు. గాయకుడు కంఠస్థం చేసినదాన్ని అప్పజెప్పడు, తన ఎదుటివారి భాషలో అప్పటికప్పుడు కడతాడు అని వారు నిరూపించారు. మేస్త్రీ చేసింది అదే. ఆ కథను నేను రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ కథ తెలిసినవారూ నాకు కనబడలేదు. ఇది నా వంతు పని, నేను చేయలేదు. దీనికి విధి అని పేరు పెట్టే హక్కు నాకు లేదు.

కథ మరో భాషలోనైనా బతుకుతుంది కదా, ఈనియాస్ లాటిన్‌లో బతకలేదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉన్న ఊరి భాషలో కలవడం తప్పు కాదు. మరాఠీ బాగా నేర్చుకోవడం ఇక్కడ పుట్టిన తెలుగువాడి కర్తవ్యాల్లో ఒకటి. కానీ విరిగిన పాలు ఏ భాషలోకి అనువదిస్తారు? పాలబడడం, విధిపాలవడం ఏ భాషలో పలుకుతారు? కన్నమదాసు కథ తెలుగులో వినేవారు ఉన్నంతవరకే తెలుగులో పాడేవారు ఉంటారు. ఈ నగర పురపాలక సంస్థ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతూ వచ్చింది, వాటిలో తెలుగు ఒకటి. అందులో చేరే పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. ఆ నిర్ణయం జూపిటర్, జూనో కలిసి చేసింది కాదు. ఒక్కొక్క ఇంట్లో, ఒక్కొక్క జూన్ నెలలో, మనమే చేసింది.

కాబట్టి మన విద్యార్థినికి నేనిచ్చే సమాధానం ఇది. నాలుగు తరాల తరువాత ఈ గల్లీల్లో తెలుగు ఉంటుందా ఉండదా అన్నది రాసిపెట్టి ఉంటే ఉండనీ. అది విధికి మొదటి అర్థం. రెండో అర్థం ప్రకారం నీకొక పని ఉంది. పొద్దున ఐదింటికి లేచే తాతగారి దగ్గర, ఆయన పనికి వెళ్లని రోజు చూసి కూర్చో. ఆయన విన్న కథలు, ఆయన ఊరి పాటలు, మేస్త్రీ పనిలో వాడే మాటలు ఆయన పలికినట్టే రాసుకో. మరాఠీ మాట వస్తే తీసేయవద్దు, అది కూడా చరిత్రే. వచ్చే సెమిస్టర్‌లో ఆ నోటు పుస్తకంతో తరగతికి రా. మిగిలిన పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.